నోరీన్ రాస్తే నమ్మొచ్చు

ఆస్ట్రేలియాలో గోల్‌బర్న్ ఏటి పక్కన పీచ్ తోటలున్న రైతులు ఫ్యాక్టరీ నుంచి కాగితం వస్తే ముందు అడుగున చూస్తారు. అక్కడ నోరీన్ ట్రెలోర్ పేరుంటే కూర్చుని చదువుతారు. లేకపోతే పొయ్యి రాజేసుకోవడానికి పక్కన పెట్టేస్తారు.

పండ్లను డబ్బాలకెత్తే ఆ ఫ్యాక్టరీలో రైతులకు సమాచారం రాసి పంపడం నోరీన్ ఉద్యోగం. కోత ఎప్పుడు, లారీ ఎప్పుడు, ఎలాంటి పండు తిప్పి పంపుతారు, ఇవన్నీ ఆమే రాయాలి. మేడ మీది ఏసీ గదుల వాళ్ళు చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు గాలే. ఆ గాలంతా తీసేసి, మిగిలినదాన్ని కాగితం మీద పెడుతుంది. పొద్దుటి టీ వేళ దాన్ని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే క్లెమ్‌కి చదివి వినిపిస్తుంది. క్లెమ్ సాసేజ్ రోల్ నములుతూ "మళ్ళీ చదువు" అన్నాడంటే, కాగితం చింపేసి మొదటికొస్తుంది. "మొదటిసారే అర్థమైంది" అంటేనే అది గేటు దాటుతుంది.

ఆ ఆగస్టు చలికాలంలో ఊరంతా ఒకటే గుసగుస. విదేశీ పండ్ల డబ్బాలు చవగ్గా దిగుతున్నాయట, ఫ్యాక్టరీ ఈసారి సగం మంది పండు కొనదట. రైతులు చెట్లు పీకించి వేరే పంట వేద్దామని, చెట్లు పీకే యంత్రాలు బాడుగకు మాట్లాడుకుంటున్నారు. కొత్త మేనేజర్ ఆష్టన్ నోరీన్‌ను పిలిపించాడు. కుర్రవాడే, బూట్లు మాత్రం తళతళలాడుతుంటాయి.

"చెట్లు పీకొద్దని రాయండి నోరీన్. అందరి పండూ తీసుకుంటాం."

"అందరిదీనా?"

"అందరిదీ."

"సరిగ్గా చెప్పు బాబూ. కింద నా పేరుంటుంది."

"అందుకేగా మీచేత రాయిస్తున్నది" అని నవ్వాడు.

మెచ్చుకుంటున్నాడనుకుంది పిచ్చిది. మెప్పుకు కరగని మనిషెవరు? వెళ్ళి రాసింది: చెట్లు పీకకండి. వచ్చే వేసవి మీ పండంతా మేమే తీసుకుంటాం. క్లెమ్‌కి మొదటిసారే అర్థమైంది. కార్మెలో అనే ముసలి రైతు అది చదివి, తోటలోకి వచ్చేసిన యంత్రాన్ని వెనక్కి పంపేశాడు. చలిలో కొమ్మలు కత్తిరించాడు. కాయలు ఊరాలని పిందెలు పలచన చేయించాడు. ఆయన చెట్లలా కాసిన చెట్లు ఆ దారిలో ఇంకెవరికీ లేవు.

జనవరి ఎండల్లో, కోతకు కాస్త ముందు, ఆష్టన్ మళ్ళీ పిలిచాడు. సగం మంది పండే తీసుకుంటారట. మిగతావాళ్ళకు నొప్పి తెలియకుండా రాయాలట. ఆ మిగతావాళ్ళలో కార్మెలో ఉన్నాడు.

"ఇది ఎప్పుడు తేలింది?" అని అడిగింది నోరీన్.

"జులైలోనే. అప్పుడే చెబితే అందరూ చెట్లు పీకేసేవాళ్ళు. మనకు కావలసిన పండు కూడా దొరికేది కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"తెలిస్తే మీరు అంత బాగా రాసేవారు కాదు."

నోరీన్ అరిచి ఉంటే బాగుండేది, ఆమెకది చేతకాదు. వీడు తననే పనిముట్టు చేసుకుని తన వాళ్ళ గొంతులు కోశాడు. ఇన్నేళ్ళుగా గాలి తీసేస్తున్నాననుకుంది గానీ, ఈసారి అబద్ధానికే తన చేత్తో శుభ్రంగా ఇస్త్రీ చేసి పెట్టింది.

"ఈసారి నీ పేరు పెట్టుకో" అని చెప్పి బయటికొచ్చేసింది.

కాగితం చేరకముందే తానే చెప్పాలని కారు తీసుకుని నేరుగా కార్మెలో తోటకు పోయింది. నిచ్చెన మీదున్న ముసలాయన ఆమెను చూసి మురిసిపోయాడు.

"ఏమ్మా, పోస్టువాళ్ళని మాన్పించేసి నువ్వే పంచుతున్నావా?"

"నీ పండు తీసుకోవడం లేదు కార్మెలో. జులై నుంచే వాళ్ళకి తెలుసు."

ఆయన మెల్లగా నిచ్చెన దిగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నీకో?"

"నాకు ఇవాళే తెలిసింది."

"తెలిసి రాశావో తెలియక రాశావో, నేను వాళ్ళని నమ్మలేదమ్మా. నువ్వు రాశావని యంత్రాన్ని తిప్పి పంపాను."

పండిన వాసన తోటంతా కమ్ముకుని ఉంది.

"కార్మెలో, నీకెలా చెప్పాలో..."

"మళ్ళీ చెప్పక్కర్లేదు తల్లీ" అంటూ ఆయన నిచ్చెన మడిచాడు. "మొదటిసారే అర్థమైంది."