శామీర్‌పేట చెరువులో మా వియ్యంకుడు చెప్పిన జాగలు

మొన్న సోమవారం పొద్దున అత్వెల్లిలో దుకాణం తెరిచి లారీ టైరు విప్పుతుంటే మా బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, మామ పోయిండు" అంది. నిద్రలోనే పోయారట మా వియ్యంకుడు. చేతిలో పానా చేతిలోనే ఉండిపోయింది నాకు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికిన మనిషి. ఆదివారం వల పక్కన పెట్టి చుట్టాలను పడవలో తిప్పేవారు. ఎక్కే ముందు అందరినీ ఒడ్డున నిలబెట్టి, పడవ ఎక్కడెక్కడ ఆపవచ్చో చెప్పడం ఆయన అలవాటు. వాగు కలిసే మూల మంచిది, అడుగున బురదలో లంగరు గట్టిగా దిగుతుంది. ఒడ్డున ఉన్న పెద్ద రాతి గుండు వెనక గాలి తగలదు, అన్నం తినడానికి బాగుంటుంది. తుమ్మలు మునిగిన వైపు పోవద్దు, నీళ్లలో మొద్దులు పడవ అడుగు చీలుస్తాయి. తూము దగ్గరికి అసలే వద్దు. "దిగే జాగ ఎరుక లేకుంటె ఎక్కుడెందుకు?" అనేవారు. మీరెవరైనా సరదాకు పడవెక్కితే ఈ మాటలు గుర్తుంచుకోండి.

నాకు ఈత రాదు, నీళ్లంటేనే వణుకు. నిరుడు మా బిడ్డకు ఐదో నెల. పెళ్లయిన ఏడేళ్లకు నిలిచిన కడుపు. చెరువు మీద తిరగాలని ఆశపడింది. వద్దంటే వినలేదు. గాలి నింపిన రెండు ట్యూబులు తీసుకుని నేనూ వెంట వెళ్లాను.

"ఏంది బావా, దుకాణం మొత్తం పట్కొచ్చినవా?" అని నవ్వారు వియ్యంకుడు.

"నవ్వుకో. బిడ్డ నాది."

"కోడలు నాది గాదా?"

చెరువు నడుమకు వెళ్లేసరికి జవహర్‌నగర్ చెత్త డంపు వాసన గుప్పుమంది. బిడ్డ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన తెడ్డు ఆపి ఆ వాసన పీల్చారు. "గాలి తిరిగింది" అన్నారు, అంతే. కాసేపటికే నీళ్లు నల్లబడి అలలు లేచాయి. ఒకటి పడవలోకే వచ్చి పడింది. బిడ్డ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

గాలి పోయే దిక్కున కట్ట దగ్గరగానే కనబడుతోంది. "కట్టకు పోనీయి బావా, జల్దీ" అన్నాను.

"ఆ దిక్కు పోతే గాలే తీస్కపోయి రాళ్లకు గొడ్తది. వాసనొచ్చే దిక్కుకే పోవాలె. గుండు ఆడ్నే ఉంది."

నేను వినకుండా లేచి తెడ్డు పట్టుకోబోయాను. పడవ పక్కకు ఒరిగింది.

"కూసో" అన్నారాయన. అంత గట్టిగా నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

"బాపూ, మామ చెప్పినట్టు ఇను" అంది బిడ్డ.

కూర్చున్నాను. టిఫిన్ డబ్బాతో నీళ్లు తోడి పోస్తూనే ఉన్నాను. కట్ట దూరమవుతుంటే, మమ్మల్ని చావుకే తీసుకుపోతున్నాడని ఆ మంచి మనిషిని లోపల తిట్టుకున్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. గుండు చాటుకు వెళ్లగానే, తలుపు మూసినట్టు గాలి ఆగిపోయింది.

ఆ రోజు కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది, నా మీసాలు పీకుతోంది. నా సంతోషం ఏమని చెప్పను, ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆ రోజు గుండు దగ్గర ఆయన పడవ తాడు కడుతుంటే అడిగాను. "నీకు భయం కాలేదా బావా?"

"ఎందుకు కాలే? పడవెక్కినప్పుడల్లా అయితది. అందుకే జాగలన్నీ ముందుగాల చెప్పుకునేది."

తర్వాత మొల లోతు నీళ్లలోకి దిగి, పడవను రొమ్ముకు ఆనించి పట్టుకున్నారు. మా బిడ్డ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఒడ్డుకు దిగింది. తను పొడి గడ్డి మీద పది అడుగులు నడిచేదాకా ఆయన ఆ నీళ్లలోంచి కదలలేదు.