వాచీ గీసిన హద్దు

కరోనా రెండో విడతలో నేను ఆసుపత్రి నుంచి బయటపడ్డాను కానీ ఇంట్లోంచి బయటపడలేకపోయాను.

బతుకుతెరువుకు వచ్చిన గుజరాత్‌లో, గోడాదరా అనే పేటలో మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు మాది. ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే మా ఆయన నా చేతికి ఒక వాచీ కట్టాడు. అది నడకనూ నిద్రనూ గుండె వేగాన్నీ కొలుస్తుందట. అంతటితో ఊరుకోదట. నా గుండె ఏ వేగం దాకా తట్టుకోగలదో కొన్నాళ్లు గమనించి, ఆ హద్దును దానంతట అదే కనిపెడుతుందట. హద్దు దాటితే కూత పెడుతుందట. అమ్మినవాడు చెప్పిన ఈ మాటలను మా ఆయన తీర్థంలా కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చాడు.

డాక్టరు చెప్పింది వేరు. మెల్లగా తిరుగు, ఆయాసం వస్తే ఆగు, రోజూ కొంచెం ఎక్కువ నడువు అన్నాడు. నాకు కావలసింది కూడా అదే. మెట్లు దిగి, గేటు దాటి, వీధి చివరిదాకా నా కాళ్ల మీద నేను నడిచి రావాలి. అంతకు మించి ఆ రోజుల్లో నేను ఏ దేవుణ్నీ ఏమీ అడగలేదు.

మొదటిసారి వాచీ కూసింది మెట్ల మీదే. కింద కూరగాయల బండి అరుపు విని దిగబోయాను.

"ఆగు! గాడనే కూసో!" అని మా ఆయన గడపలోంచి కేకేశాడు.

"ఏమైందయ్యా?"

"వాచీ మొత్తుకుంటుంటె ఇనవడుతలేదా? కూసోమంటె కూసో."

మెట్టు మీద చతికిలపడ్డాను. కింద బండివాడు గుజరాతీలో అరుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ పూట మళ్లీ పప్పే వండుకున్నాం.

మా ఆయన చెడ్డవాడు కాదు. సాంచెల మనిషి, అంతే. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. పేక పోగు తెగితే, దాన్ని కనిపెట్టే కమ్మి ఒకటి పడి, సాంచె దానంతట అదే ఆగిపోతుంది. ఎక్కడ తెగిందో చూసుకోకుండా దాన్ని మళ్లీ నడిపేవాణ్ని షెడ్డులో ఎవరూ పనివాడిగా లెక్కచేయరు. బట్ట పాడవుతుంది, సేఠ్ తిడతాడు. మీసాలు రాకముందు నుంచీ ఆయన చేసింది ఆ పనే. వాచీ కూస్తే ఆయన కంటికి నేను ఆగిన సాంచెను. తప్పు దొరికేదాకా నడపకూడదు. నాలో తప్పు దొరకడం లేదు, కాబట్టి నేను కదలకూడదు.

అసలు తిరకాసు తర్వాత తెలిసింది. కొన్నాళ్లకు వాచీ కొత్త హద్దు కనిపెట్టానంది. అది పాతదానికంటే తక్కువ. ఇంకొన్నాళ్లకు ఇంకా తక్కువ. నేను మంచం మీద పడుకుని ఉంటే, పాపం, అది మాత్రం ఏం చూసి కనిపెడుతుంది? నన్ను గట్టిగా నడవనిస్తే కదా నా గుండె ఎంత తట్టుకుంటుందో దానికి తెలిసేది! నడవనివ్వరు కాబట్టి హద్దు తగ్గుతుంది. హద్దు తగ్గింది కాబట్టి అసలే నడవనివ్వరు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు తయారైంది నా బతుకు. ఒక దశలో గిన్నెలు తోమినా కూసేది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుకూ కూసింది.

జబ్బుకు ముందు నేను ఇంట్లోనే మోటారు మిషను మీద చీరలకు లేసు కుట్టేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక మిషను ముందు కూర్చున్నాను. పెడలు తొక్కగానే మిషను అదురుకు చేయి అదిరింది, వాచీ కూత అందుకుంది. వంటింట్లో ఉన్న ఆయన చెవిన పడేలోపే దాన్ని ఊడదీసి, పక్కనున్న చీరల చుట్టకు బిగించి, మిషను బల్ల మీద పడేశాను. కోపం కొద్దీ చేసిన పని. మళ్లీ కుట్టడం మొదలుపెట్టాను. వాచీ వెనక పచ్చదీపం వెలుగుతూనే ఉంది. కాసేపటికి చీరల చుట్టకు గుండె వేగం చూపించింది. ఆ తర్వాత హద్దు దాటిందని కూత పెట్టింది.

ఆయన చేతిలో గరిటెతోనే ఉరికొచ్చాడు. "కూసో! కూసోమన్ననా!"

"నేను కూసోనే ఉన్న. ఎవర్ని కూసోమంటున్నవ్? చీరెనా?"

నా ఉత్త చేతుల వంక చూశాడు, చుట్ట వంక చూశాడు. నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"పోగు తెగకున్నా ఊకూకె ఆగే సాంచెను ఏంజేస్తరయ్యా మీరు?" అన్నాను.

"ఆపే కమ్మినే సూస్తం," అన్నాడు నిదానంగా. "గదే ఖరాబయి ఉంటది."

తర్వాత మంచం అంచున కూర్చుని, అంతవరకు నాతో అననిది అన్నాడు. పక్క సాంచెల మీద ఆయనతో కలిసి పనిచేసే మనిషి పోయిన సంగతి నాకు తెలుసు. ఎలా పోయాడో తెలియదు.

"చాయ్ తాగిండు. మంచిగనే ఉన్న అన్నడు. మల్ల డ్యూటీకి రాలే. గుండె ఆగే ముంగట వానికి ఏ కూతా రాలే."

నా నవ్వు ఆగిపోయింది. ఇంతకాలం నన్ను మంచానికి కట్టేసింది ఆ మనిషి చావా అనుకున్నాను. కోపం పోలేదు కానీ, ఎవరి మీద పడాలో తెలియక నాలోనే ఉండిపోయింది.

ఆయన వాచీ విప్పి మిషను సొరుగులో వేసి, తలుపు తెరిచాడు. "పో. గల్లీ ఆఖరుదాకా పోయిరా. నేనేమన."

చెప్పులేసుకుని దిగాను. మెట్ల మొదటి మలుపు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. ఆయాసం లేదు, నొప్పి లేదు. చెవులు మాత్రం కూత కోసం ఎదురుచూస్తున్నాయి. వేళ్లు వాటంతటవే మణికట్టు మీదికి పోయి నాడి వెతుక్కున్నాయి. వానికి ఏ కూతా రాలే అన్న మాటే తిరుగుతోంది. ఎంత కొట్టుకుంటే ఎక్కువో, ఎంత కొట్టుకుంటే తక్కువో చెప్పేవాళ్లు లేరు. ఇంకో మెట్టు దిగడానికి నాకు భయమేసింది. ఆపేవాళ్లు ఎవరూ లేకపోయినా ఆగిపోయానని తెలిసి ఇంకా భయమేసింది.

వెనక్కి ఎక్కి వచ్చాను.

"ఏమైంది?" అన్నాడు ఆయన, లేచి నిలబడి.

"వాచీ ఇయ్యి."

"అది ఖరాబే కదనే?"

"ఖరాబే. అయినా ఇయ్యి."

ఇచ్చాడు. అది అబద్ధాలకోరని తెలిసే కట్టుకున్నాను. కనీసం ఎదురు తిరిగి కాదనడానికైనా నాకు ఎవరో ఒకరు ఉండాలి. మొదటి మలుపులోనే అది కూసింది. పైన ఆయన నోరు తెరిచి మళ్లీ మూసుకోవడం చూశాను.

"నోర్ముయ్యవే," అన్నాను వాచీతో, కిందికి దిగుతూ.