తుపాకీకి మూఢం

మా కాలనీ పార్కులో ఆదివారం పొద్దున నడక అయ్యాక మగవాళ్లు సిమెంటు బెంచీల మీద చేరి దేశాన్ని చక్కదిద్దుతారు. పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కొన్నప్పటి నుంచి చూస్తున్నాను, అక్కడ తేలని విషయమంటూ లేదు. ఒక ఆదివారం తుపాకుల వంతు వచ్చింది. ఏదో దేశంలో బడిలో కాల్పులు జరిగాయని టీవీలో చూశారట. బ్యాంకులో రిటైరైన ఏలూరు పెద్దమనిషి, మన దగ్గర చట్టం గట్టిది కాబట్టే మనం ఇంత నిబ్బరంగా నడుస్తున్నామండీ అన్నాడు. పక్కనున్న గుంటూరు ఇంజినీరు ఒప్పుకోలేదు. చంపదలచినవాడు చట్టం చదివి చంపుతాడా, తుపాకీ దొరక్కపోతే కత్తి పడతాడు, చట్టాలన్నీ మంచివాళ్ల చేతులు కట్టెయ్యడానికే అన్నాడు. ఇద్దరికీ గొంతులు లేచాయి. ఈ ఇద్దరూ జన్మలో తుపాకీని దగ్గరగా చూసింది బ్యాంకు గేటు దగ్గర, అదీ కాపలా మనిషి కునుకు తీస్తున్నప్పుడు.

నేను నవ్వుకుంటూ మరో చుట్టు నడిచాను. నాది శామీర్‌పేట పక్క ఊరు. సర్కారు హైస్కూల్లో పిల్లలకు సోషల్ చెప్తాను. ఆ వైపే ఇంకో ఊళ్లో ఉన్న మా చెల్లెలి ఇంట్లో తుపాకీ ఉంది. లైసెన్సుతో, అన్ని సంతకాలతో, చట్టం ఎంత గట్టిగా అడిగితే అంత గట్టిగా జవాబు చెప్పి తెచ్చుకున్న తుపాకీ.

తెచ్చుకున్నవాడు మా మరిది, అంటే చెల్లెలి భర్త. పొలం ప్లాట్లు చేసి అమ్మడం మొదలుపెట్టాక ఆయనకు తెల్లచొక్కా, తెల్లకారు, మెడలో లావుపాటి గొలుసు వచ్చాయి. ఇంక తక్కువైంది తుపాకీ. లైసెన్సు కావాలంటే ప్రాణభయం చూపించాలి. ఆయనకు శత్రువంటూ ఒక్కడు లేడు. ఆయన్ని చంపేంత తీరిక ఊళ్లో ఎవరికీ లేదు. అయినా పట్టు విడవలేదు. కూతురికి సంబంధం వెతికినట్టు తనకొక శత్రువును వెతుక్కున్నాడు. ఎవరో ఫోన్లో బెదిరిస్తున్నారని దరఖాస్తు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పోలీసులు ఊరికి వచ్చి నలుగురినీ విచారించారు. అందరూ మంచోడన్నారు. అబద్ధమేమీ కాదు, కేసుల్లేవు, తాగి పడిపోయేవాడు కాదు. చట్టం అడగాల్సినవన్నీ అడిగింది. కోపమొస్తే ఏం చేస్తావని మాత్రం అడగలేదు. మా చెల్లెల్ని అడిగి ఉంటే చెప్పేది: అన్నం కంచం గోడకేసి కొడతాడు.

తుపాకీ వచ్చాక మా మరిది నడక మారింది. నడుముకు పెట్టుకున్నది నలుగురికీ కనబడకపోతే ఉన్నా లేనట్టేనని కాబోలు, పెళ్లిళ్లలో బంతిలో కూర్చునే ముందు చొక్కా కాస్త ఎత్తి సర్దుకునేవాడు. వడ్డించేవాడు బెదిరి మటన్ ముక్కలు రెండెక్కువ వేసేవాడు. నాకు తెలిసి ఆ తుపాకీ చేసిన ఆత్మరక్షణ అంతే. దసరాకు మా చెల్లెలి అత్త దాన్ని ట్రాక్టరు తాళంచెవి పక్కన, కొడవలి పక్కన పీట మీద పెట్టి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. ఇంటికి లక్ష్మి అనేది. అది వచ్చిన ఏడాదే భూమి రేట్లు పెరిగాయట. భూమి రేట్లు పెరిగింది రింగురోడ్డు వల్ల అని చెప్పబోయి నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఆవిడకు నేను బాగా చదువుకుని చెడిపోయిన మనిషిని.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, మా మరిదికి ఒక తమ్ముడు లేకపోతే. ఆ తమ్ముడు తన వాటా పొలంలో టమాటా, బెండ, ఆకుకూరలు పండించి ఆటోలో వేసుకుని యాప్రాల్ కాలనీల్లో అమ్ముకుంటాడు. అన్న తన వాటాలో ప్లాట్లు కోసి చుట్టూ రాతి కడీలు పాతించాడు. ఆ కడీలతో తమ్ముడి ఆటో బాట మూసుకుపోయింది. ఇక రోజూ గొడవే. ఒకరోజు మాటామాటా పెరిగి అన్న చేయి నడుము మీదికి పోయింది. తీయలేదు, అక్కడే ఆగింది. అది వాకిట్లో నిలబడి మా చెల్లెలు చూసింది. ఆనాటి నుంచి దానికి నిద్ర లేదు. ఆ తమ్ముడి ప్రాణం పోతుందేమోనని భయం, మొగుడు జైలుకు పోతాడేమోనని భయం, ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని అత్త ఆ వాకిట్లోనే కూలిపోతుందని భయం. అన్నం వడ్డిస్తూ కూడా దాని కళ్లు ఆయన నడుము మీదే ఉండేవి.

అంతలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. మా మరిది ఒంటికాలి మీద లేచాడు. రేపు నామీద ఎవడన్నా పడితే సర్కారు వస్తుందా అని అందరినీ అడిగాడు. ఎవడు పడతాడని ఎవరూ అడగలేదు. చివరికి మంచి చొక్కా వేసుకుని, ఇద్దరు మనుషుల్ని కార్లో ఎక్కించుకుని, కూతుర్ని అత్తగారింట్లో దిగబెట్టి వస్తున్నవాడి మొహంతో అప్పగించి వచ్చాడు.

ఆ తర్వాత మా చెల్లెలు నాకు ఫోన్ చేసి చెప్పిన మాటలు ముందు నేను నమ్మలేదు. ఆయన మెల్లగా మాట్లాడుతున్నాడట. ట్రాక్టరు డ్రైవరును అన్నా అని పిలుస్తున్నాడట. తమ్ముడు ఎదురొస్తే తల తిప్పుకుని పోతున్నాడే తప్ప ఎదురు నిలబడటం లేదట. నడుము దగ్గర కాస్త ఇనుము తగ్గితే మనిషి ఇంత మర్యాదస్తుడవుతాడని నేను ఏ పాఠంలోనూ చదవలేదు.

ఎన్నికలు అయిపోయాయి, ఫలితాలు వచ్చాయి, తుపాకీ తీసుకుపొమ్మని కబురు వచ్చింది. మా మరిది కారు తుడిపించుకుని బయల్దేరబోతుంటే తల్లి అడ్డం పడింది. మూఢం నడుస్తోంది, ఇప్పుడు లక్ష్మిని ఇంట్లోకి ఎట్లా తెస్తావంది. మామూలుగా తల్లి మాట వినే మనిషి కాదు. కానీ ఇది భూమి రేట్ల వ్యవహారం. పంతులు కూడా మూఢం వెళ్లేదాకా ఆగమన్నాడు. దేశంలో ఏ చట్టానికీ తలవంచనని చెప్పుకునే మా మరిది పంచాంగానికి తోక ముడిచాడు. మూఢంలో పెళ్లి చేయరు, గృహప్రవేశం చేయరు, ఆ ఇంట్లో తుపాకీని కూడా తెచ్చుకోరు. కోడ్ ఎత్తేసినా తుపాకీ స్టేషన్లోనే ఉండిపోయింది.

తొలకరి పడింది. తమ్ముడికి దుక్కి దున్నాలి, ట్రాక్టరు పోవడానికి బాట లేదు. పొద్దున్నే వచ్చి రెండు కడీలు పీకి అవతల పారేశాడు. కబురు అందగానే అన్న పొలానికి పోలేదు, ఇంట్లోకి పరుగెత్తాడు. ఆ తర్వాత జరిగింది ఆస్పత్రి వరండాలో చెల్లెలే నాకు చెప్పింది.

"బీర్వ తలుపు తీసి నా చీరెల కింద చెయ్యి వెట్టి తడుముతాండక్కా. అది ఠాణాల ఉన్నదన్నది యాది మర్శిండు. లేదని యాదికొచ్చినంక నా మొకం దిక్కు జూసిండు. గా సూపు నేను సచ్చేదాక మర్వ."

అక్కడి నుంచి వాకిట్లో ఉన్న కర్ర పట్టుకుని పోయాడు. కర్రతో కొట్టాలంటే దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే అవతలివాడూ కొడతాడు. ఈలోగా నలుగురు చేరి పట్టుకుంటారు. తమ్ముడికి భుజం దగ్గర ఎముక విరిగింది, అన్నకు తల పగిలి కుట్లు పడ్డాయి. మేడ్చల్‌లో ఒక ఆస్పత్రిలో పక్కపక్క మంచాలే దొరికాయి. నేను వెళ్లేసరికి తల్లి రెండు మంచాల మధ్య స్టూలు వేసుకుని ఒక కొడుకు నోట్లో ఒక ముద్ద, ఇంకో కొడుకు నోట్లో ఒక ముద్ద పెడుతోంది. ఇద్దరూ బుద్ధిగా తింటున్నారు. ఆ మొహాలు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. మూఢం కాబట్టే ఇట్లా కొట్టుకున్నారని ఆవిడ నాతో వాపోయింది. ఇద్దరి ప్రాణాలూ కాచిన మూఢానికి ఆ ఇంట్లో దక్కిన మర్యాద అది.

మా మరిది నన్ను చూసి కట్టు కట్టిన తల ఎత్తాడు. "గన్ నా నడుముకుంటే వాడు నా మీదికొస్తుండెనా వదినా?"

"రాకపోతుండె," అన్నాను. "వాని ఇంటి ముందట సావు టెంట్ ఏస్తుంటిమి. నువ్వు జైల్ల ఉంటుంటివి. మీయమ్మ గీ ముద్దలు ఎవలికి వెడుతుండె?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాటైనా తలకెక్కిందని నేను అనుకోలేదు, నా కోపం తీరాలని అన్నాను.

డాక్టరు దెబ్బలెట్లా తగిలాయని అడిగితే ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి ఇద్దరూ పడ్డారని తల్లి చెప్పింది. అన్నదమ్ములు అవునన్నారు. ఊరి పెద్దలూ అవునన్నారు. కేసు అయితే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఇంటి పరువు పోతుంది. భుజం విరిగిన తమ్ముడు కూడా తనను చంపబోయిన తుపాకీ పరువు కోసం నోరు మూసుకున్నాడు, తల్లి ఒట్టు పెట్టిందని. చట్టం ఎంత గట్టిదైనా ఏం చేస్తుంది? దాని చెవిలో ఇంటిల్లిపాదీ కలిసి పువ్వు పెట్టారు. పుస్తకాల్లో మా మరిది ఇప్పటికీ కేసుల్లేని మంచి మనిషే.

తర్వాతి ఆదివారం పార్కులో, ఎవరింట్లో అన్నది దాచి, ఈ కథ చెప్పాను. ఏలూరు ఆయన తొడ చరిచాడు, చట్టమే కాపాడిందండీ అని. గుంటూరు ఆయన ఇంకా గట్టిగా చరిచాడు, తుపాకీ లేకపోతే కర్ర పట్టాడు కదా, ఇంక చట్టం ఆపిందేముంది అని. అయినా ఆపింది మూఢమమ్మా, చట్టం కాదని కూడా అన్నాడు. ఇద్దరికీ వాళ్లు ముందు అనుకున్నదే రుజువైపోయింది. చదువుకున్నవాళ్లతో ఉన్న సుఖం ఇదే, ఏ కథ చెప్పినా వాళ్ల కథే అవుతుంది.

చట్టం కోపాన్ని తగ్గించదు, నాకూ తెలుసు. కడీలు పాతడం ఆగలేదు, పీకడం ఆగలేదు, కొట్టుకోవడం ఆగలేదు. దెబ్బల లెక్క తీస్తే ఆ ఇంట్లో తుపాకీ లేని రోజుల్లోనే ఎక్కువ దెబ్బలు తగిలాయి. గుంటూరు ఆయన లెక్క దానితో సరిపోతుంది. కానీ తమ్ముడు చేయి మెడకు వేలాడేసుకుని ఇంటికి నడిచొచ్చాడు. భుజం అతుక్కుంది, మళ్లీ ఆటో నడుపుతున్నాడు. తుపాకీని ఆపింది కోడ్ కానీ, మూఢం కానీ, ఆ పూట అది బీరువాలో లేదు, అంతే. కత్తీ తుపాకీ ఒకటేనని వాదించేవాళ్లను ఒక్కసారి ఆ బీరువా ముందు, మా చెల్లెలు నిలబడ్డ చోట నిలబెట్టాలనిపిస్తుంది.

మూఢం వెళ్లింది. మా మరిది తల మీద జుట్టు సరిగా మొలవకముందే స్టేషన్‌కు పోయి లక్ష్మిని తెచ్చుకున్నాడు. దారి కాకపోయినా గండిమైసమ్మ గుడి దాకా పోయి కొబ్బరికాయ కొట్టించి మరీ తెచ్చాడు. అన్న తెచ్చుకున్నాడని తెలిసి తమ్ముడు కూడా లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. అన్నకు శత్రువును వెతుక్కోవాల్సి వచ్చింది, తమ్ముడికి ఆ కష్టం కూడా లేదు. మా ఊళ్ల అభివృద్ధి చూసి ఏలూరు ఆయన ముచ్చటపడాలి.

మొన్న మా చెల్లెలు నా ఇంటికి వచ్చింది. మనిషి సగమైంది. చీరలన్నీ బీరువాలోంచి తీసి ట్రంకు పెట్టెలో పెట్టుకుందట, తుపాకీ ఉన్న ఆ అర ఇక తెరవలేనని. పోలీసులకు జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను, లైసెన్సు తీసేస్తారన్నాను, నేను తోడు వస్తానన్నాను. చెప్తే ఆ ఇంట్లో తనకు చోటుండదంది. అత్త గడప తొక్కనివ్వదంది. అది నిజమే. టీ చేసి ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"అక్కా, నువ్వు బడిల పిల్లలకు చెప్తవు గద," అంది. "మల్ల ఓట్లు ఎప్పుడస్తయి?"

ఏ ఓట్లని అడిగాను. అసెంబ్లీవా, సర్పంచ్‌వా, దేనికి దానికి ఐదేళ్లని పాఠం చెప్పినట్టు చెప్పాను.

"ఏయైతేంది," అంది. "గా తుపాకి ఠాణాల ఉన్నన్ని దినాలే నేను పండుకున్న."