ఫ్యాన్ బెల్టుగారి పదవీ విరమణ

బాగా పనిచేస్తున్న వస్తువు కంటబడితే త్యాగరాజుగారికి స్థిమితం ఉండేది కాదు. పాడైపోయిన వస్తువంటే ఆయనకి బెంగ లేదు, దాని సంగతి తేలిపోయింది కాబట్టి. బాగున్నది ఎప్పుడు పాడవుతుందోనన్నదే ఆయన దిగులంతా. అందుకని అది పాడవకముందే విప్పి, మార్చి, హమ్మయ్య అనుకునేవారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన విప్పడం, బిగించడం చూడ్డంతోనే దుర్గాంబకి సరిపోయింది.

సొంతూరు కాకినాడ, కొలువు ఢిల్లీలో కేంద్ర సర్కారు దగ్గర, కాపురం వసంత్ కుంజ్‌లో రెండో అంతస్తు. ఏ దేశపు రాయబార కార్యాలయం వాళ్లో వెళ్లిపోతూ వేలంలో వదిలేసిన ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి ఆయన కంటబడింది. రెండే సీట్లు, మడిచిపెట్టే గుడ్డ టాపు. అప్పటికే లక్ష కిలోమీటర్లు దాటి తిరిగింది. నేలకి ఎంత దగ్గరగా ఉండేదంటే, అందులోంచి మనుషులు దిగేవారు కాదు, లేచేవారు. దుర్గాంబ మొదటిసారి ఎక్కిన రోజున ఇస్త్రీ దశరథ్ ఒక చెయ్యి, పాల భయ్యా ఒక చెయ్యి పట్టుకుని పైకి లాగారు.

"అందరిలా ఒక కొత్త కారు కొనుక్కోవచ్చుగా?" అంది ఆమె, చీర దులుపుకుంటూ.

"కొత్త కారైతే నాకు పనేముంటుంది?" అన్నారు త్యాగరాజుగారు.

పనికి లోటు లేకుండా ఆయనొక సిద్ధాంతం కూడా తయారుచేసుకున్నారు. "యాభై ఎనిమిదేళ్లు నిండగానే సర్కారు ఏం చేస్తుంది? నిక్షేపంలా ఉన్న మనిషికి దండేసి ఇంటికి పంపేస్తుంది. కుర్చీలో కూలబడకముందే పంపాలని. అందుకే సర్కారు బండి నడుస్తోంది."

"నడుస్తోందా?"

"ఆగలేదుగా!"

ఆ లెక్కన కారులో ప్రతి పార్టుకీ అయిదువేల ఎనిమిది వందల కిలోమీటర్లు సర్వీసు. మీటరు ఆ అంకెకి చేరిందంటే, పార్టు ఎంత నిగనిగలాడుతున్నా సరే, రిటైరు. బదులు పార్టు కోసం ఆయన కశ్మీరీ గేటు బజారంతా గాలించేవారు. ఆ కారు పార్టులు ఈ దేశంలో దొరకవు కాబట్టి, ఏ ట్రాక్టరుదో, ఏ ఆటోదో తెచ్చి, అరగదీసి అమర్చేవారు. కొన్నాళ్లకి ఆ కారు మొదట ఏ దేశానిదో చెప్పడం కష్టమైపోయింది.

ఇంతటితో ఆగితే ఆయన త్యాగరాజుగారెందుకవుతారు? రిటైరైన పార్టుని ఊరికే పారేయడం మర్యాద కాదు. ఆదివారం పొద్దున్న కింద కారుంచే రేకుల షెడ్డులో స్టూలు వేసి, పేపరు పరిచి, కిరసనాయిలుతో శుభ్రంగా కడిగిన పార్టుని దానిమీద కూర్చోబెట్టి, బంతిపూల దండ వేసేవారు. తర్వాత సమోసాలు, టీ, ఉపన్యాసం.

"అందరూ ముందుకి, ముందుకి అని తోస్తుంటే, ఆగండి అని చెప్పగలిగిన ధైర్యం ఈయనొక్కరికే ఉండేది," అన్నారు ఒకసారి బ్రేకు షూని చూపిస్తూ. గొంతు కూడా కాస్త వణికింది.

మొదటిసారి ఈ దండా హడావుడీ చూసి, కింది అంతస్తు పంజాబీ ఆంటీ తెల్ల దుపట్టా కప్పుకుని, ముఖం దిగాలుగా పెట్టుకుని, పోయిందెవరోనని పరామర్శకి వచ్చింది. "కౌన్ గుజర్ గయా, బెహన్‌జీ?"

"వాటర్ పంపు," అంది దుర్గాంబ.

"అచ్ఛా," అని ఆవిడ కాసేపు ఆలోచించి, సమోసాలు వేడిగా ఉండటం చూసి కూర్చుంది. ఆ తర్వాత ఏ పార్టు సాగనంపుడుకీ ఆవిడ మానలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. పప్పు కుక్కరు రెండో కూత కూయగానే, "దీని గ్యాస్కెట్ టైమైంది," అని స్టవ్ కట్టేసేవారు. మే నెల మిట్టమధ్యాహ్నం, బయట వడగాలి హోరుమంటుంటే, గిర్రున తిరుగుతున్న ఫ్యాను దించి కండెన్సరు మార్చేవారు. అప్పుడప్పుడు దుర్గాంబ వైపు కూడా ఎగాదిగా చూసేవారు. తన యాభై ఎనిమిదో పుట్టినరోజు ఇంకా దూరమే గానీ, ఆ రోజుకి పుట్టింట్లో ఉండటమే క్షేమమని ఆమె ముందే నిర్ణయించుకుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ముసలి కారు షెడ్డులో నెలలకి నెలలు పేగులు బయటపెట్టుకుని పడి ఉండేది గానీ, రోడ్డు మీద ఒక్కసారి కూడా ఆగలేదు. త్యాగరాజుగారి పరువంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

తొంభై ఎనిమిది మే నెలలో సర్కారు ఉద్యోగుల రిటైర్మెంటు వయసు అరవైకి పెరిగింది. వార్తలు ముగిసేలోపే త్యాగరాజుగారు పార్టులకీ ఆరువేలకి పెంచేశారు. ఆ ఆదివారం వెళ్లిపోవాల్సిన ఆయిల్ ఫిల్టరు మెళ్లోంచి దండ తీసేసి, "కంగ్రాచులేషన్స్," అని మళ్లీ లోపలికి పంపించారు. సమోసాలు అప్పటికే వచ్చేశాయి కాబట్టి పంజాబీ ఆంటీ నష్టపోలేదు.

అదే వార్త ఎదురు ఫ్లాటులో పిడుగులా పడింది. అక్కడ ఉండేది సదాశివరావుగారు, లీలావతి. ఆయన వేరే మంత్రిత్వశాఖలో, అడ్మినిస్ట్రేషన్ సెక్షన్లో పనిచేశారు. రూల్సు పుస్తకం ఆయనకి కంఠతా. ఆయన ఏప్రిల్ ఆఖరున రిటైరయ్యారు. ఒక్క నెల ఆలస్యంగా పుట్టి ఉంటే ఇంకో రెండేళ్లు కుర్చీ ఆయనదే.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. రిటైరైన మనిషికి దండేసి, ఆఫీసు కారులో ఇంటిదాకా దిగబెట్టడం అక్కడి ఆనవాయితీ. ఎందరికో ఆ దండా, ఆ కారూ ఏర్పాటు చేసింది సదాశివరావుగారే. తీరా ఆయన రోజున ఏదో అర్జెంటు మీటింగని సెక్షనంతా అటు పరిగెత్తింది, కారు కూడా వాళ్లతోనే పోయింది. ఆయన బస్సులో, అదీ నిలబడి, ఇంటికొచ్చారు.

ఆ రోజునుంచీ ఆయన గుమ్మం దాటలేదు. తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకుని, లంచ్ డబ్బా తీసుకుని, సోఫా దాకా వెళ్లి కూర్చునేవారు. సాయంత్రం దాకా అక్కడే.

"పేపరిస్తే 'ఫైల్లో పెట్టి పుటప్ చెయ్యి' అంటున్నారొదినా," అంది లీలావతి, దుర్గాంబ వంటింట్లో కూర్చుని. "నిన్న పెరుగు లేదంటే, 'రాసి పంపించు' అన్నారు." నవ్వబోయి ఏడ్చేసింది. "నలుగురూ ఏమడుగుతారోనని బయటికే రావట్లేదు. ఇహ ఇలాగే కూర్చుండిపోతారేమోనని భయంగా ఉందొదినా."

దుర్గాంబ తిన్నగా షెడ్డుకి వెళ్లింది. కారు కిందనుంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి. ఆమె సంగతంతా ఆ పాదాలకే చెప్పింది.

"ఊఁ," అన్నాయి పాదాలు.

"ఊఁ ఏమిటండీ? బోల్టులకి సన్మానాలు చేస్తారు, పక్కింటి మనిషి అలా కుళ్లిపోతుంటే ఊఁ అంటారా?"

పాదాలు ఇంకాస్త లోపలికి జరిగాయి. ఆమె విసవిసా పైకి వచ్చేసింది. ఈ మనిషికి ఇనుము తప్ప మనుషులు కనబడరని ఆ రోజంతా గిన్నెలతో చెప్పుకుంది.

మర్నాడు పొద్దున్న కాఫీ తీసుకుని బాల్కనీలోకి వెళ్తే, త్యాగరాజుగారు పీట మీద కూర్చుని, కారు కోసం తెచ్చిన కొత్త ఫ్యాన్ బెల్టుని గరుకు కాగితంతో బరబరా రుద్దుతున్నారు. పక్కన పాత ఇంజనాయిలు, కొంచెం ఇటుక పొడి. బెల్టు మీద గోటి గీత పడితే అన్నం మానేసే మనిషి!

"కొత్తది కదండీ అది?"

"పాతబడాలి," అన్నారాయన, తలెత్తకుండా. "అసలు పాతది నువ్వు బట్టలారేసే తాడు చేశావు."

"పాతదెందుకిప్పుడు?"

"సదాశివరావుగారికి ఒక కేసు కావాలి." ఇంకాస్త ఆయిలు పూశారు. "సానుభూతి చెప్పడానికెళ్తే ఆయన తలుపు తీయడు. రూల్సులో సందేహమంటే తీస్తాడు."

దుర్గాంబ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఈ పక్క ఇంకా మెరుస్తోంది," అని వేలితో చూపించింది.

మధ్యాహ్నం, అంటే సదాశివరావుగారి ఆఫీసు టైములోనే, ఇద్దరూ ఎదురింటి బెల్లు కొట్టారు. లీలావతి తలుపు తీసి మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. బెల్టు పళ్లెంలో ఉంది.

"సదాశివరావుగారూ, ఒక కేసులో మీ అభిప్రాయం కావాలండి."

సోఫాలో ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

"మీకు తీరిక లేకపోతే గ్రేటర్ నోయిడాలో ఎవరో ఉన్నారట, ఆయన్నడుగుతాను."

"నోయిడా వాళ్లకేం తెలుసయ్యా రూల్సు!" అన్నారు సదాశివరావుగారు. వంటింట్లో లీలావతి చేతిలో గరిటె జారిపోయింది.

"ఈ బెల్టుకి మే మొదటివారంలో అయిదువేల ఎనిమిది వందలు నిండాయండి. ఆ రోజే విప్పేశాను. తర్వాత అరవై ఆర్డరొచ్చింది. ఇది రిటైరైనట్టా, సర్వీసులో ఉన్నట్టా?"

సదాశివరావుగారు కళ్లజోడు పెట్టుకున్నారు. "నిండిన రోజే విప్పేశారా?"

"విప్పేశానండి."

"ఎవరిచ్చారండీ మీకా అధికారం?" గొంతు ఖంగుమంది. "ఎఫ్.ఆర్. యాభై ఆరో రూలు చదివారా? ఏ నెల్లో వయసు నిండితే ఆ నెలాఖరు దాకా సర్వీసులో ఉన్నట్టే! ఆలోగా ఆర్డరొచ్చింది. దీనికి అరవై వర్తిస్తుంది. మీరు చేసింది శుద్ధ అక్రమం!"

"తప్పయిపోయిందండి," అన్నారు త్యాగరాజుగారు, చేతులు కట్టుకుని.

సదాశివరావుగారు బెల్టుని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. "మే నెల కలిసొచ్చింది నీకు," అన్నారు, మెల్లగా. కథ అడ్డం తిరిగిందేమోనని దుర్గాంబ త్యాగరాజుగారి వైపు చూసింది.

ఆయన లేచి నిలబడ్డారు. "ఒకళ్లకి జరిగింది చాలు. నడవండి. నా కళ్లముందే బిగించాలి."

గుమ్మం దాటుతున్నానని ఆయనకి తోచనేలేదు. లీలావతి తలుపు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

బిగించాక పరీక్ష జరగాలన్నారు త్యాగరాజుగారు. పరీక్షకి అధికారి స్వయంగా రావాలన్నారు. శనివారం సెలవు, ఆఫీసు దగ్గర పలకరించేవాళ్లు కూడా ఉండరు. ఆ రోజు ఇద్దరూ ఆ కారులో సదాశివరావుగారి ఆఫీసు గేటు దాకా బయల్దేరారు. అక్కడ ఏం జరగబోతోందో ఆడవాళ్లిద్దరికీ ముందే తెలుసు. హారతి పళ్లెం పట్టుకుని కాలనీ గేటు దగ్గర నిలబడ్డారు.

కారు మలుపు తిరిగింది. సదాశివరావుగారి మెళ్లో చెయ్యంత లావు దండ. త్యాగరాజుగారు ముందే చెప్పి ఉంచిన ఆఫీసు గేటు కాపలావాడు అది వేసి, బూటు నేలకి కొట్టి మరీ సలాము చేశాడట. ఆయన ముఖం చూసి లీలావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే కారు ముందునుంచి బుస్సుమని ఆవిరి లేచింది. రెండు దగ్గులు దగ్గి బండి ఆగిపోయింది.

త్యాగరాజుగారు బానెట్ ఎత్తి చూసి తెల్లబోయారు. బెల్టు రెండు ముక్కలు. మరీ శ్రద్ధగా రుద్దిన చోటే తెగింది. సదాశివరావుగారు ముక్కని తీసుకుని తిప్పి చూశారు. లోపలివైపు కంపెనీ అచ్చు తళతళలాడుతోంది. ఆయన ఆ అచ్చుని చూశారు, త్యాగరాజుగారిని చూశారు, మళ్లీ అచ్చుని చూశారు.

"ఈ కేసు మళ్లీ తిరగదోడాలి," అన్నారు, బెల్టు ముక్క జేబులో పెట్టుకుంటూ. "సోమవారం షెడ్డుకి వస్తాను." అని, ఏమీ జరగనట్టు వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నారు. ఆయనకి కారు నడపడం రాదు. ఆగిపోయిన కారుకి ఆ ఇబ్బంది లేదు. లీలావతి పక్క సీట్లో కూర్చుంది.

త్యాగరాజుగారు, దుర్గాంబ వెనకనుంచి తోయడం మొదలుపెట్టారు. పంజాబీ ఆంటీ కూడా చెయ్యి వేసింది. బాల్కనీల్లోకి జనం వచ్చారు. ఇస్త్రీ దశరథ్ పెట్టె పక్కన పెట్టి పరుగున వచ్చాడు. "బాబూజీ, కిస్కీ షాదీ హై?"

సదాశివరావుగారు దండ సర్దుకుని, బాల్కనీలన్నిటికీ వినబడేలా అన్నారు. "షాదీ నహీఁ భయ్యా! రిటైర్ హువా హూఁ, రిటైర్!"

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో అందుకున్నారు. ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి అందరికీ ఊపుతున్నారు.

"గట్టిగా తొయ్యి దుర్గా," అన్నారు త్యాగరాజుగారు, చెమటలు కక్కుతూ, తల ఎత్తకుండా. "తొందరగా షెడ్డులో పెట్టేద్దాం. నా పరువు పోతోంది."

"మెల్లగా తొయ్యండి," అంది దుర్గాంబ. "వెనక బ్లాకు వాళ్లు ఇంకా బయటికి రాలేదు."