బ్యాటరీ కొలిచే నికనోరా

నికనోరా అపాసాని "ఇది నీవల్ల కాదు" అని ఎవరైనా అంటే చాలు, ఆ పని సగం అయిపోయినట్టే లెక్క. మంచిగా అడిగితే వినేది కాదు గానీ, వద్దంటే మాత్రం చేసి తీరేది.

ఎత్తైన కొండల మీది ఎల్ ఆల్తో ఊళ్ళో గురు, ఆదివారాల సంతలో, ఫోన్లవాళ్ళ వరసలో ఆమెకొక చోటుంది. తారురోడ్డు మీద పసుపు రంగుతో గీసిన రెండు మీటర్ల గీత, పక్కన 214 అని అంకె. అంతకంటే ఏమీ లేదు. కానీ ఆ గీత మధ్యన ఆమె తల్లి ఫెలిపా ముప్పై ఏళ్ళు కూర్చుని, మంచులో ఎండబెట్టిన దుంపలు అమ్మింది. ఆ రోడ్డు మట్టిరోడ్డుగా ఉన్నప్పటి నుంచీ ఆ చోటు వాళ్ళది. ఎండబెట్టే ముందు దుంప లోపల సరిగా గడ్డకట్టిందో లేదో, పట్టుకుంటే చెప్పగలగాలి. ఆ పని ఫెలిపా తన కూతురికి ఏడేళ్ళప్పుడే అప్పగించింది. నికనోరా వేళ్ళకి చలి భాష వచ్చింది అక్కడే.

పంతొమ్మిదో ఏట ఫోన్ల రిపేరు నేర్చుకుంటానని సేహా పేటలో ఒక సంస్థలో చేరింది. మొదటిరోజే అక్కడి మాస్టారు ఆమె కుచ్చుల పావడా వంక ఎగాదిగా చూసి, రేపట్నుంచి ప్యాంటు వేసుకుని రమ్మన్నాడు. ఈ కుచ్చులు కుర్చీలకి తగులుకుంటాయట. మర్నాడు నికనోరా లోపల ఇంకో రెండు పావడాలు ఎక్కువ వేసుకుని వెళ్ళింది. ఆ బెంచీ మీద ఇద్దరు కూర్చోవలసిన చోట ఆమె ఒక్కతే కూర్చుంది. చదువు పూర్తయ్యేదాకా మాస్టారు ప్యాంటు ఊసెత్తలేదు.

తల్లి పోయాక దుంపల బస్తాలు పోయి, ఆ రెండు మీటర్లలోకి ఒక బల్ల, ఒక అద్దం పలక, కారు బ్యాటరీ, వేలెడంత మీటరు వచ్చాయి. బల్లకి ఒక పలక వేలాడేది. దాని మీద సుద్దతో రెండే వాక్యాలు. "ఫోను బ్యాటరీ ఆరోగ్యం చూడబడును. అబద్ధం చెప్పబడదు." వరసలో సగంమందికి మొదటి వాక్యంతో పేచీ లేదు. రెండోదానితోనే వచ్చింది తంటా.

ఆమె చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. ముందు ఫోనుని అద్దం పలక మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పుతుంది. బొంగరంలా తిరిగిందంటే లోపల బ్యాటరీ ఉబ్బి వీపు పైకి లేచిందన్నమాట. దాన్ని ఇంక ఎవరూ జేబులో పెట్టుకోకూడదు. తిరగకపోతే, నక్షత్రం గుర్తులూ హ్యాష్ గుర్తులూ మధ్యలో 4636 నొక్కి ఫోను లోపల దాగున్న పేజీ తెరుస్తుంది. అక్కడ "ఆరోగ్యం: బాగుంది" అని ఉంటుంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. అమ్మేవాళ్ళందరూ ఆ ముక్కే చూపించి చేతులు దులుపుకుంటారు. నికనోరా మాత్రం ఆ పేజీని కొనేవాళ్ళకి చూపించి నవ్వేది. పొద్దున్నే తాగి వచ్చిన మొగుణ్ణి ఎలా ఉన్నావని అడిగితే ఏమంటాడు, బాగున్నాననే అంటాడు కదా, ఫోనూ అంతే అనేది. అసలు సంగతి మీటరు చెబుతుంది. ఎంత శాతం దగ్గర మొదలుపెట్టాం, నిండేదాకా ఎంత కరెంటు లోపలికి పోయింది, అందులో వేడి కింద ఖర్చయింది ఎంత. అది తీసేసి లెక్కేస్తే బ్యాటరీ వయసెంతో బయటపడుతుంది.

వీటన్నిటికంటే ముందు ఇంకో పని ఉంది, అది కింది ఊళ్ళవాళ్ళకి తెలియదు. జూన్ అంటే ఇక్కడ చలికాలం, ఆ నెలలో తెల్లవారకుండానే బల్ల మీద పరిచిన ఫోను ఈ నాలుగువేల మీటర్ల ఎత్తులో రాయిలా చల్లబడిపోతుంది. చలి పట్టిన బ్యాటరీ ఎంత మంచిదైనా ముసలిదానిలా మూలుగుతుంది. అరవై శాతం చూపిస్తూ చూపిస్తూనే గుటుక్కుమంటుంది. కింద వేడి ఊరు శాంతాక్రూజ్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఇలా ఎన్ని మంచి ఫోన్లని చచ్చాయని చెప్పి అవతల పారేశారో లెక్కే లేదు. నికనోరా అలా కాదు. బిడ్డల్ని వీపున కట్టుకునే చారల గుడ్డలో ఫోనుని చుట్టి, శాలువా కింద పొట్టకి ఆనించి అరగంట పెట్టుకుంటుంది. అది ఒంటి వేడికి వచ్చాకే మీటరు తీస్తుంది. వరసలో మగవాళ్ళు దాన్ని చూసి ఇది ఎన్నో కాన్పు నికనోరా అని వేళాకోళమాడేవారు. మీ అందరికంటే బుద్ధిమంతుడు పుడతాడులే అని ఆమె తల తిప్పకుండా జవాబిచ్చేది.

మే నెలలో ఒక ఆదివారం అనస్తాసియో అనే ముసలాయన వచ్చాడు. పైన కొండల్లో ఉన్నినిచ్చే లామాలు మేపుకునే మనిషి. వాళ్ళ పల్లెలో కరెంటు వారానికి మూడురోజులు. అందుకని బ్యాటరీ బాగుండాలని మరీ మరీ చెప్పి, ఇదే వరసలో ఫోను కొన్నాడు. అది మధ్యాహ్నానికల్లా ఆరిపోతోంది. తప్పు తనదేనేమోనని, తనకే వాడటం చేతకావడం లేదేమోనని సిగ్గుపడుతూ అడిగాడు. నికనోరా వెచ్చబెట్టి, మీటరు పెట్టి చూసింది. పైన రాసింది ఐదువేల ఎం.ఏ.హెచ్. బ్యాటరీ. లోపల పట్టేది రెండువేల రెండొందలు.

"తప్పు మీది కాదు తాతా," అంది. "మీకు ముసలి బ్యాటరీకి కొత్త చొక్కా తొడిగి అమ్మారు. పదండి, నేనూ వస్తాను."

ఆ ఫోను అమ్మింది సెనోబియో కాయే. ఫోన్లవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు, వరస మొదట్లో పన్నెండు మీటర్ల చోటు ఉన్నవాడు. తాతకి ఇంకో ఫోను ఇవ్వక తప్పలేదు, ఎందుకంటే అప్పటికే చుట్టూ నలభైమంది పోగయ్యారు. ఇచ్చాడు గానీ అతని మొహం మాడిపోయింది. ఆ సాయంత్రమే నికనోరా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చూడు నికనోరా, నువ్వు అద్దాలు అతికించుకో, స్క్రీన్లు మార్చుకో. ఎవరొద్దన్నారు? ఆ మీటరు మాత్రం ఇంట్లో పెట్టుకుని రా."

"మీ ఫోన్లు మంచివైతే నా మీటరంటే మీకెందుకండీ భయం?"

సెనోబియో సంఘం నియమం ఒకటి గుర్తుచేసి వెళ్ళాడు. తోటి సభ్యుడి మంచి సరుకుని చెడ్డదని పదిమందిలో చెప్పినట్టు రుజువైతే, చెప్పినవాళ్ళ చోటు సంఘానికి పోతుంది. చెరిపేసిన గీత మళ్ళీ గియ్యరు.

పక్కన ఊదారంగు మొక్కజొన్న జావ అమ్మే రుపెర్తా ఇదంతా విని హడలిపోయింది. ఫెలిపాతో పాతికేళ్ళ స్నేహం ఆమెది. "ఒసేయ్, కొన్నాళ్ళు నోరు మూసుకుని కూర్చోవే. మీ అమ్మ చోటు పోతే ఏం చేస్తావు?" అని బతిమాలింది.

"నోరు మూసుకుని కూర్చోడానికి రెండు మీటర్లెందుకు పిన్నీ, ఇంట్లో మూల చాలదూ?" అంది నికనోరా. అని, పలక మీద రెండో వాక్యం చెరిగిపోతోందని మళ్ళీ సుద్దతో దిద్దింది.

పైకి అంత మాట అంది గానీ ఆమెకి భయం లేక కాదు. ఆ గీత లేకపోతే ఆమెకి ఊళ్ళో ఇంకో చోటు లేదు. ఈ సంతలో కొత్తగా చోటు దొరకడం అంటే ఎవరో చావాలి. తల్లి ముప్పై ఏళ్ళు ఎండకీ వడగళ్ళకీ కూర్చుని నిలబెట్టిన చోటు తన నోటి మూలాన పోతుందేమోనన్న దిగులు ఆమెని లోపల తినేసేది. అయినా మీటరు ఇంట్లో పెట్టలేదు.

జూన్ మూడో గురువారం పొద్దున ఏడింటికి, నీళ్ళ బకెట్ల మీద ఇంకా మంచు పేరుకుని ఉండగా, సెనోబియో ఈల ఊదుకుంటూ వరస పొడుగునా అందర్నీ పిలుచుకొచ్చాడు. వెంట సంఘం కార్యదర్శి తియోఫిలో ఉన్నాడు. తగాదాలంటే పడని పెద్దమనిషి, చంకలో ఒక అట్ట, దాని మీద మడిచిన కాగితం. సంఘం ముద్ర ఆ కాగితం మీద అప్పటికే ఎర్రగా కనిపిస్తోంది. పరీక్ష ఇంకా మొదలే కాలేదు, తీర్మానానికి ముద్ర పడిపోయింది. అది చూసి నికనోరాకి ఒళ్ళు మండింది.

సెనోబియో కోటు లోపలి జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నా సొంత ఫోను. అందరి ముందూ చెప్పు. బ్యాటరీ బాగుందా, పోయిందా?"

ఆమె తీసుకుని వీడియో పెట్టింది. అరవై నాలుగు అని చూపించింది, మూడు నిమిషాల్లో నలభై ఒకటికి జారి, తెర నల్లబడిపోయింది. గుంపులో గుసగుసలు లేచాయి. అది పోయిందని ఆమె చెప్పాలని అందరికీ ఉంది. సెనోబియో గాలి తీసెయ్యడానికి ఇంతకంటే మంచి అదను రాదని వాళ్ళ ఆశ. చెప్పవే, చెప్పెయ్యి అని రుపెర్తా కూడా గొణిగింది.

నికనోరా ఫోను అంచు చుట్టూ ఉన్న ఇనుప పట్టీ మీద బొటనవేలు ఆనించి చూసింది. అప్పుడే జేబులోంచి తీసిన ఫోను. మనిషి గుండె పక్కన ఉన్న ఫోను. అది గోరువెచ్చగా ఉండాలి. ఇది మాత్రం ఆమె తల్లి రాత్రంతా మంచులో ఆరబెట్టి తెల్లారి తీసే దుంపలా, లోపలి దాకా గడ్డకట్టి ఉంది. సెనోబియో దీన్ని రాత్రంతా ఇంటి కప్పు మీద పడేసి, పొద్దున్నే ఆ చల్లదనం పోకుండా ఉన్నిగుడ్డలో చుట్టి తెచ్చాడని ఆమెకి చప్పున తట్టింది. పోయిందని తాను అనాలి, ఆ తర్వాత దాన్ని వెచ్చబెట్టి మంచిదని అతను రుజువు చెయ్యాలి, కాగితం చదవాలి. అదీ ఏర్పాటు.

ఆమె చారల గుడ్డ తీసి ఫోనుని చుట్టి శాలువా కిందికి దోపుకుంది. స్టూలు మీద కూర్చుంది.

"పరీక్ష చెయ్యమన్నాను, పక్కలో వేసుకోమనలేదు," అన్నాడు సెనోబియో.

"రాత్రంతా డాబా మీద పడుకోబెడితే మీరు మాత్రం లేచి నడుస్తారా? కాసేపు ఆగండి."

డాబా అనే మాట వినగానే అతను చప్పున కోటు జేబు సర్దుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. రుపెర్తాకి ఇప్పటికి అర్థమై, జావ గ్లాసుల్లో పొయ్యడం మొదలుపెట్టింది. మొదటి చుక్కలు భూమితల్లికని నేల మీద ఒంపి, సాయపడమ్మా అని మొక్కుకుంది.

అరగంటకి ఫోను లేచింది. సరిగ్గా నలభై. నికనోరా అందరికీ చూపించి, మీటరు తగిలించి, కారు బ్యాటరీకి కలిపింది. నిండటానికి గంటన్నర పట్టింది. ఒక్కరూ కదల్లేదు. అందరూ కనపడేలా ఆమె మీటరుని బల్ల మధ్యలో పెట్టి, తాను చేతులు కట్టుకుని కూర్చుంది. మిగిలిన అరవై శాతం నిండేసరికి, వేడికి పోయింది తీసేస్తే, లోపలికి వెళ్ళింది రెండువేల ఎనిమిదొందల ఇరవై. అంటే నూరు శాతానికి నాలుగువేల ఏడొందలు. ఐదువేల బ్యాటరీకి అది పడుచుతనమే. సెనోబియో ఫోను బాగుందని తన నోటితో తానే చెప్పవలసి రావడం ఆమెకి ఎంత ఒళ్ళుమంటగా ఉందో దేవుడికే తెలియాలి. అయినా లేచి నిలబడి, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది.

"ఈ బ్యాటరీ బాగుంది. దీన్ని పోయిందంటే నాది తప్పు. బాగున్నదాన్ని బాగుందనే అంటాను, అది ఎవరిదైనా సరే. ఇప్పుడు మీరు అమ్మే బల్ల మీంచి ఒకటి తెప్పించండి సెనోబియోగారూ. మీకు నచ్చిందే."

పరీక్ష ఒక్కదానికే అని సెనోబియో అన్నాడు. అందరూ పనులు మానుకుని నిలబడ్డారని, బేరాలు పోతున్నాయని, సభ ముగిసిందని ఈల తీశాడు. ఎవరూ కదలకపోవడంతో ఊదకుండానే దించాడు.

అప్పుడు నికనోరా తియోఫిలో వైపు చెయ్యి చాచింది. ఆ కాగితం ఒకసారి ఇమ్మంది. ఆయన సెనోబియో వంక చూశాడు, కాగితం వంక చూశాడు, ఇచ్చేశాడు. 214 చోటు రద్దు చెయ్యడమైనదని దాని మీద నల్లగా టైపు కొట్టి ఉంది. ఆమె పూర్తిగా చదివింది. చింపలేదు. వెనక్కి తిప్పి బల్ల మీద పరిచి, పెన్నుతో రాసింది. సెనోబియో కాయే సొంత ఫోను, నాలుగువేల ఏడొందలు, బాగుంది. ఆ రాత వెనక నుంచి సంఘం ముద్ర ఎర్రగా కనపడుతోంది.

"ఇదిగోండి, మీ సర్టిఫికెట్. ముద్ర కూడా మీదే," అని అతని చేతిలో పెట్టింది.

సెనోబియో దాన్ని పారెయ్యలేడు, ఫోను బాగుందని ఉంది. దాచుకోనూ లేడు. మడిచి జేబులో కుక్కుకుని, వెనక్కి చూడకుండా తన పన్నెండు మీటర్ల వైపు వెళ్ళిపోయాడు.

తియోఫిలో మాత్రం వెళ్ళలేదు. అట్టని బల్ల కాలికి ఆనించి, భుజానున్న సంచిలోంచి తన ఫోను బయటికి తీశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"నాకూ ఆయనే అమ్మాడమ్మా. మధ్యాహ్నం దాటడం లేదు."

ఆయన వెనక అప్పటికే ఆరుగురు నిలబడి ఉన్నారు, ఆరుగురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. నికనోరా స్టూలు సరిచేసుకుని పసుపు గీత మధ్యన కూర్చుని, చారల గుడ్డ ఒళ్ళో పరిచింది.

"ముందు వెచ్చబడాలి బాబాయ్, ఇలా ఇవ్వండి," అంది.