దేవుడి కుండ నిండుగా ఉన్న శనివారం

మొన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక ట్రాలీ ఆటో నా పక్కనే ఆగింది. పైన నీలం పట్టా కప్పి ఉంది గానీ, మూలన చిరిగిన గోతంలోంచి బియ్యం సన్నగా రోడ్డు మీదికి కారుతున్నాయి. వాటితోపాటు తడిసి ఆరిన గోనె, గోడౌను దుమ్ము, పురుగు తిన్న పిండి అన్నీ కలిసిన రేషను స్టోరు బియ్యం వాసన వచ్చింది. పక్కనున్న కాలేజీ అమ్మాయి ముక్కు మూసుకుంది. నాకు మాత్రం నోట్లో నీళ్లూరాయి. తొంభైలలో ఉదయగిరి దుర్గం కింద పెరిగిన కూలిబిడ్డకి అన్నం వాసనంటే అదే.

మా పాలెం నుంచి ఉదయగిరికి నడిచి వెళ్లొచ్చు. పడమట దుర్గం అడ్డంగా నిలబడి ఉండడంతో మాకు పొద్దు అందరికంటే ముందే గూకేది. కొండ నీడ జొన్నచేల మీదుగా పాకి మా కొట్టాల మీదికెక్కే వేళకి మేకలు ఇంటిదారి పట్టేవి, మేం పిల్లలం ఆ నీడ అంచు మీద పరుగు పందెం పెట్టుకునేవాళ్లం. వానలు పడ్డాక ఆడవాళ్లు కొండ మీంచి సీతాఫలాల గంపలు దించేవాళ్లు. ఎండల్లో కలేపళ్లు, చలికాలంలో రేగుపళ్లు, ఏవీ లేని నెలల్లో వేయించిన చింతగింజలు. ఒక గింజ దవడన పెట్టుకుంటే పూటంతా నానేది. వామనగుంటలు ఆడేదీ ఆ గింజలతోనే కాబట్టి, మాకు ఆటలో ఓడిపోవడమంటే తిండి ఓడిపోవడమే.

స్టోరు పెద్దూళ్లో ఉండేది. తెరుస్తారన్న కబురు రాగానే మనుషుల కంటే ముందు సంచులు వెళ్లి వరసలో కూర్చునేవి. ఒక్కో సంచి మీద ఒక్కో రాయి, ఎవరి రాయి వాళ్లకి గుర్తు. ఆడవాళ్లు గోడ నీడన చేరి ఒకరి తల ఒకరు చూసుకుంటూ వరసలు కాపలా కాసేవాళ్లు.

"ఏమ్మే సుబ్బులూ, నీ సంచి ఇందాక యాడనో ఎనక ఉన్నింది, ఇప్పుడు నా ముందర ఉండాది. కాళ్లొచ్చినాయా దానికి?" అని మా ఎదురింటి ఏసమ్మ పెద్దమ్మ అంటే, "నీ మొగుడి మాదిరి పడుకోనుంటదా ఎప్పుడూ" అని సుబ్బులు అందుకునేది. ఏసమ్మ పెద్దమ్మే అందరికంటే గట్టిగా నవ్వేది.

ఇంటికొచ్చిన బియ్యాన్ని మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ మార్తమ్మ, చాటలో పోసుకుని వాకిట్లో కూర్చునేది. రాళ్లు ఒకవైపు, పురుగులు ఒకవైపు, నూకలు కోడిపిల్లలకి. కడిగిన నీళ్లు కూడా పారబోయనిచ్చేది కాదు, అవి చారులోకి. క్రిస్మస్‌కి అరిసెలకీ మురుకులకీ ఆ బియ్యాన్నే నానబెట్టి దంచేది. అరిసెలు పాకంలో పడగానే గోనె వాసన పోయి బెల్లం వాసనే మిగలడం చూసి, ఏటా ఒకసారి బియ్యం కూడా రక్షణ పొందుతాయేమో అనుకునేదాన్ని.

మా పాలెంలో సగం ఇళ్లు బాప్టిస్టులవి. మా చర్చి ఆడవాళ్లకి ఒక అలవాటు. ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న మట్టికుండలో వేస్తారు. దాన్ని దేవుడి కుండ అంటారు. వారమంతా అలా చేరిన బియ్యాన్ని ఆదివారం గుడ్డలో మూటగట్టి తీసుకెళ్లి చర్చి గంపలో పోస్తే, ఆరాధన అయ్యాక వేలం వేసి, వచ్చిన డబ్బు పాస్టరుగారికి ఇచ్చేవాళ్లు. అవ్వ ఆ పిడికెడు ఏ పూటా తప్పించలేదు. మా ఇంట్లో అందరికీ కడుపు నిండని పూటలు ఉన్నాయి గానీ, శనివారం సాయంత్రానికి ఆ కుండ నిండని వారం లేదు.

నేను నాలుగో ఐదో చదివే రోజుల్లో, ఎన్నికల్లో రెండు రూపాయలన్న కిలో బియ్యం మూడున్నరైంది. మనిషికింతేనని కోత పడింది. రాయితీల భారం ఖజానా మోయలేకపోతోందని రేడియోలో పెద్దలు మెత్తని గొంతులతో చెప్పారు. ఆ మెత్తదనం మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒకరి నోటి దగ్గరి ముద్ద తీసే పనికి అంత మర్యాద దేనికి? ఆ తర్వాత, తెల్లకార్డుల్లో అనర్హులు చేరారు, ఏరివేయాలి అన్నారు. ఏరివేత అన్న మాట మాకు తెలిసిందే, చాటలో రాళ్లకి వాడేది. అది మనుషులకీ వాడతారని అప్పుడు తెలిసింది.

ఏరేవాడు మా ఇంటికి ఒక శనివారం మధ్యాహ్నం వచ్చాడు. చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మానాయనా కంది కోతకి వెళ్లారు, ఇంట్లో అవ్వా నేనూ. వచ్చినాయన చేతిలో కాగితాల అట్ట ఉంది, వెంట మా ఊరి తలారి ఉన్నాడు. అవ్వ చాప పరిచింది. ఆయన కూర్చోలేదు, గడప దగ్గరే వంగి లోపలికి చూశాడు.

"ఏం అవ్వా, పూట గడస్తా ఉందా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా చర్చిలో ఎవరు ఎలా ఉన్నావని అడిగినా లేమి చెప్పకూడదు. లేదన్నామంటే దేవుడి మీద నేరం మోపినట్టు. ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళ, ముందురోజు గంజి తాగిన మనిషి కూడా లేచి నిలబడి కొరత లేదని చెప్పి కూర్చుంటాడు. పైగా మాది మిషను వాళ్లిచ్చిన పాలపొడికి మతం మారిన జాతి అని పెద్దూరు తరాలుగా ఎత్తిపొడుస్తూనే ఉంది. అందుకని పరాయివాడి ముందు ఆకలి ఒప్పుకోవడమంటే అవ్వకి ఆ మాట నిజమని వేలిముద్ర వేయడమే. తలారి ఆయన వెనక నిలబడి, లేదని చెప్పమని కళ్లతో, చేతులతో సైగలు చేస్తున్నాడు. అవ్వ అతన్ని చూసింది. చూసీ తల నిటారుగా ఎత్తింది.

"దేవుడు మాకేం తక్కువ చెయ్యలా సారూ. ఏ పూటా పస్తు పెట్టలా."

ఆయన అట్ట మీద ఏదో గీశాడు. మూలకి వేలు చూపాడు.

"ఆ కుండలో ఏంది?"

"బియ్యం."

"నిండుగా ఉన్నాయే."

"అయి మాయి కావు సారూ, దేవుడియి."

ఆయన తలారి వైపు తిరిగి నవ్వాడు. "దేవుడికే దానం చేసేవాళ్లకి చౌక బియ్యం ఎందుకయ్యా?"

అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. ఎవరో తన ఇంటి మర్యాద గుర్తించారన్న తృప్తి అది.

తర్వాతి నెల మా సంచి, మా రాయి వరసలోనే ఉన్నాయి, మా పేరే లేదు. "మీకు గులాబీ కార్డంట. గొప్పోళ్లయినారు, ఇంక ఈడికెందుకు?" అన్నాడు స్టోరు ఆయన. గులాబీ కార్డుకి చౌక బియ్యం రావు. అమ్మ ఖాళీ సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. గుమ్మంలోనే అవ్వని అడిగింది.

"అత్తా, ఆ మాట నీ నోట్లో ఎందుకొచ్చింది?"

"అబద్ధం ఆడమంటావా?"

"అబద్ధం ఎవురు ఆడమన్నారు? ఆకలి చెప్పమంటా ఉండా."

నాయన కూలి మానుకుని ఉదయగిరి ఆఫీసుకి వెళ్లాడు, అక్కడివాళ్లు ఆత్మకూరు పొమ్మంటే ఆత్మకూరు వెళ్లాడు. "మీ అమ్మే చెప్పింది గదయ్యా, తలారి సాక్షి" అన్నారు. లేదన్నవాణ్ణి అబద్ధికుడని విచారించే సర్కారు, ఉందన్న పేదరాలి మాటని మాత్రం ఎంత త్వరగా నమ్మిందో చూడండి. మా జీవితంలో మా మాట సర్కారు మారుమాట లేకుండా నమ్మింది ఆ ఒక్కసారే.

అంగట్లో బియ్యం మా కూలికి అందేవి కావు. సంకటిలో జొన్నపిండి తగ్గి నీళ్లు పెరిగాయి. కార్డుతోపాటు కిరసనాయిలూ పోయింది. కొండ నీడ పడేలోపే తిని పడుకోవాలని అమ్మ అనేది గానీ, కూలి నుంచి వచ్చి వండేసరికి చీకటి పడేది. చీకట్లో ఎవరి పళ్లెంలో ఎంత ఉందో ఎవరికీ కనపడదు. పళ్లెం గీకుతున్న చప్పుడు వినపడేది, అంతే.

అప్పుడే అవ్వ ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. మొదట శుక్రవారం. అందులో వింతేమీ లేదు, చర్చిలో చాలామంది ఉండేవాళ్లు. తర్వాత బుధవారం కూడా అంది. తర్వాత కార్డు మళ్లీ వచ్చేదాకా మొక్కుకున్నానంది. పొద్దున ఇంత గంజినీళ్లు తాగి, పొద్దంతా గోడకానుకుని కళ్లు మూసుకుని కూర్చునేది. తమ్ముడు ఆకలని ఏడిస్తే వాణ్ణి దగ్గరికి లాక్కుని వేళ్లతో ఆట ఆడించేది. ఇంత జరుగుతున్నా దేవుడి కుండలో పిడికెడు మానలేదు. బియ్యం లేవు గనక జొన్నపిండే వేసేది. పిడికిలి బక్కచిక్కేకొద్దీ పిడికెడైనా తగ్గుతుందని అమ్మ లోలోపల ఎదురుచూసింది. అవ్వకి అదీ తెలిసి, రెండుసార్లు తీసి వేసేది.

చర్చిలో ఆమె పేరు పెరిగింది. ఆదివారం ఆడవాళ్లు వచ్చి తమ బిడ్డల కోసం ప్రార్థించమని చేతులు పట్టుకునేవాళ్లు. ముసలావిడ తినడం లేదంటే ఏ ఇంట్లోనైనా గాబరా పుట్టాలి. ఉపవాసం అన్న మాట అడ్డం పెట్టేసరికి మా ఇంట్లో గాబరాకి బదులు గౌరవం పుట్టింది. మతం చేసే పెద్ద మోసం స్వర్గం చూపించడం కాదు, కళ్లెదుట జరిగేదానికి ఇంకో పేరు పెట్టడం.

ఆ ఎండాకాలం, నీళ్లబిందె దించుతూ అవ్వ కూలబడింది. బండి కట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తే, ఏం తినిందని అడిగారు. "ఉపవాసంలో ఉండాదమ్మా" అంది అమ్మ, ఆ స్థితిలో కూడా కాస్త గర్వంగా. ముసలితనం అని రాశారు. రెండోనాటి పొద్దున చనిపోయింది.

సమాధి దగ్గర పాస్టరుగారు మంచి మాటలే చెప్పారు. ప్రార్థనలో కరిగిపోయిన తల్లి అన్నారు. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఏసమ్మ పెద్దమ్మ ఏడవలేదు. పొద్దున శవానికి నీళ్లు పోసింది ఆమే. చీర కట్టబోయి నడుముకి గుడ్డ నిలవక రెండుసార్లు ముడి వేసింది. సమాధి నుంచి తిరిగొచ్చాక, కాళ్లు కడుక్కుంటూ అమ్మతో మెల్లగా అంది:

"ఉపవాసమైతే ఇడిచేదొకటి ఉంటది గదమ్మే. ఇడవని ఉపవాసం యాడన్నా ఉండాదా? అది పస్తు. మీకు మిగలాలని ఉన్నింది."

అమ్మ చెంబు కింద పెట్టేసి అక్కడే కూర్చుండిపోయింది. తన ఒక్క మాట పోగొట్టినదాన్ని అవ్వ తన కడుపుతో భర్తీ చేసుకుంటూ వచ్చిందని ఇంట్లో మాకు అప్పటిదాకా తట్టలేదు. పస్తు పెట్టలేదని సర్కారుకి చెప్పిన మనిషి, పస్తున్నానని కన్నకొడుక్కి కూడా చెప్పుకోలేకపోయింది.

నేను దేవుణ్ణి వదిలేసింది ఆ ఏడే అని చెప్పను, అది చాలా ఏళ్లు పట్టింది. తర్వాత సభల్లో రాయితీల మీద వాదనలు చాలా విన్నాను, చేశాను. బియ్యం పక్కదారి పడుతున్నాయంటారు. పడుతున్నాయి. ఆ ట్రాలీ ఆటోని నేనూ చూశాను. కానీ గోతాలు ఎత్తుకుపోయేవాణ్ణి వదిలేసి చాటలో చేతికందిన గింజని ఏరడమే సంస్కరణ అయితే, ఆదా అయిందని చెప్పే ప్రతి గింజా ఎవరి కడుపులోంచి ఆదా అయిందో కూడా చెప్పాలి. పాస్టరుగారు దాన్ని భక్తి అన్నారు, ఆఫీసులో పొదుపు అన్నారు. చచ్చిపోయిన మనిషి మాత్రం ఒకతే.

పాలెంలో ఇప్పుడు కొట్టాలు లేవు, స్లాబు ఇళ్లు. వామనగుంటల పీట ఎవరింట్లోనూ కనపడదు. కలేపళ్లు ఎలా ఉంటాయో పిల్లలకి తెలియదు. చర్చి కానుక ఫోనులో పంపుతున్నారు. ఏసమ్మ పెద్దమ్మ పోయింది, ఆమె తిట్లు గుర్తున్నవాళ్లు నలుగురైదుగురు. కట్టెలపొయ్యిలూ పోయాయి, ఆడవాళ్ల కళ్లకి సుఖమైంది, అందుకు సంతోషమే. ప్రతి వంటింట్లో గ్యాసు బండ ఉంది. ధర పెరిగాక చాలా ఇళ్లలో అది ఖాళీగా, పైన గుడ్డ కప్పుకుని, పీటలా నిలబడి ఉంది.

మా చిన్నప్పుడు తెల్లవారి దుర్గం మెట్టు మీంచి చూస్తే ఏ కొట్టం మీంచి పొగ లేవలేదో తెలిసిపోయేది. పొగ లేవని ఇంటికి పక్కింటి నుంచి చెంబెడు గంజి వెళ్లేది. మా ఇంట్లో పొగ రోజూ లేచింది, అందుకే మా అవ్వకి ఎవరూ తేలేదు. ఇప్పుడు ఏ ఇంటి మీంచీ పొగ లేవదు. ఎవరి పొయ్యి వెలగలేదో తెలుసుకోవాలంటే గడప దాటి లోపలికి వెళ్లి అడగాలి. అడగడానికి వచ్చేవాడు కాగితాల అట్టతో తప్ప రావడం లేదు.