మెట్ల కింద పచ్చ క్రోటన్

నిన్న పొద్దున ఎవరో ఒకావిడ మా గేటు ముందు స్కూటీ ఆపి, "ఆంటీ, మెలికల ఆకుల క్రోటన్ మీ దగ్గర ఉన్నదంట గదా, ఒక్క కొమ్మ ఇస్తరా?" అని అడిగింది. మొక్కల పిచ్చి ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారట. "చచ్చిపోయింది" అని గేటు వేసేశాను. పాపం, ఆమె తప్పేమీ లేదు. ఆ మొక్క పేరెత్తితే చాలు, నాకు మా తోడికోడలు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

తోడికోడలంటే మా బావగారి భార్య. హన్మకొండలో మామగారు కట్టిన ఇంటిని అన్నదమ్ములు నడుమ గోడ పెట్టి పంచుకున్నారు. గోడకు అటు ఆమె, ఇటు నేను. నా వంటింటి కిటికీ తెరిస్తే ఆమె మెట్లు కనిపిస్తాయి, అదీ నా ఖర్మ. పదిహేనేళ్ల కిందట మా తమ్ముడు కడియం నర్సరీలో దొరికిన ఆ మొక్కను రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆకులు జడపాయల్లా మెలితిరిగి, పసుపు మీద ఎరుపు, ఎరుపు మీద నలుపు. వరంగల్ మొత్తంలో మరొకరి దగ్గర ఉందని నేను వినలేదు, వినాలనీ అనుకోలేదు. కొమ్మ అడిగినవాళ్లందరికీ "బతకదండీ" అని చెప్పేదాన్ని. సాయంత్రం వాకింగ్‌కు వెళ్లేవాళ్లు గేటు దగ్గర ఆగి చూస్తుంటే నాకు కడుపు నిండేది.

మా తోడికోడలు అడగలేదు, ఇరికించింది. మొక్క వచ్చిన మూడో ఏడు, శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. బొట్టు పెట్టి వాయినం అందించబోతే చెయ్యి చాపకుండా, పదిమంది ముందర, "జాకెట్ గుడ్డ నాకెందుకు చెల్లె? వాయినంల ఆ క్రోటన్ కొమ్మ ఇయ్యి" అంది. పేరంటానికొచ్చిన ముత్తైదువ నోరు తెరిచి అడిగితే లేదనగలమా? పళ్లు కొరుక్కుంటూనే నవ్వాను. ఓ కొమ్మకు బెరడు ఉంగరంలా ఒలిచి, తడి కొబ్బరిపొట్టు కట్టి, కవరు చుట్టి, వేళ్లు వచ్చాక కోసి ఇచ్చాను. ఇస్తూ ఇస్తూ, "ఎండకు మాడిపోతది అక్కా, మెట్ల కింద నీడల పెట్టుకో" అన్నాను. క్రోటన్‌కు ఎండ తగలకపోతే రంగు రాదు. తెలిసే చెప్పాను.

కొన్నాళ్లకు కొత్తగా వచ్చిన ఆకులన్నీ ఉత్త పచ్చగా వచ్చాయి. రోజూ కిటికీలోంచి చూసి, లోలోపల నవ్వుకుంటూ పోపు వేసేదాన్ని. పన్నెండేళ్లు అలా నవ్వుకున్నాను.

ఈ ఎండాకాలం మా వారి ఆపరేషన్ కోసం నెల రోజులు హైదరాబాద్‌లో ఉన్నాం. నీళ్లు పోయమని తోడికోడలికి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె నా మొక్క మీద చెయ్యి వేయడం ఇష్టంలేక చెప్పలేదు. తిరిగొచ్చేసరికి కుండీలో ఎండుపుల్లలు మిగిలాయి. వారం రోజులు ఏడ్చి, సిగ్గు చంపుకుని, గోడ అటువైపు వెళ్లి కొమ్మ అడిగాను.

"పచ్చాకుల చెట్టు నీకెందుకు చెల్లె?" అంది.

"ఎండల పెడితే రంగొస్తది అక్కా" అని నోరు జారాను.

"నాకు ఎరుకనే. మొదటి ఏడే నర్సరీ ఆయన చెప్పిండు."

"మరి జరపలేదేంది?"

"నువ్వేం చేసినవో, కిటికీ తెరిచినప్పుడల్లా నీకు కనబడాలె గదా" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఉత్త చేతులతో వచ్చాను. ఆ అబద్ధం చెప్పడానికి నాకు అర నిమిషం పట్టి ఉంటుంది. ఆమె దానికి పన్నెండేళ్లు నీళ్లు పోసింది.